పుట్టింటి సారె

పెనం మీద జొన్నరొట్టె మాడుతున్న వాసన వచ్చేదాకా రుక్మిణమ్మ చూసుకోలేదు. ఆమె చూపంతా బయట అరుగు మీదే ఉంది. అక్కడ ఆమె భర్త కుర్మయ్య, కోడలు మనీషా ఒకే ఫోను మీదికి తలలు వంచి కూర్చున్నారు.

"గిది చూడు మామయ్యా. మూడు వేలకే ఇంటికి పంపిస్తరంట."

"గది పిల్లలాడుకునేది బిడ్డా. పళ్ళెం నా అరచెయ్యంత లేదు. పిడికెడు మట్టి పెట్టి ఒత్తితే నిలబడిపోతది."

"మరి గిదో? నలభై రెండు వేలు."

"అబ్బో! గంత పెట్టి మనం యాడ కొంటం? ఇంకోటి చూడు, ఇంకోటి."

నెత్తిమీదుగా విమానం పోతుంటే ఇద్దరూ మాట ఆపారు. అది దాటగానే మళ్ళీ అందుకున్నారు. విమానాశ్రయం పక్కనే ఉన్న పాల్మాకులలో అందరికీ అలవాటే అది. కుర్మయ్య ఏదో అన్నాడు, మనీషా పకపకా నవ్వింది. ఆయనా నవ్వాడు. రుక్మిణమ్మ రొట్టెను తిప్పకుండానే తీసి పక్కన పడేసింది.

ఆయన అట్లా నవ్వి ఎన్నేళ్ళయింది! పన్నెండేళ్ళ కింద కుడి భుజం పట్టేసింది. కుండలు చేసే సారెను కర్రతో తిప్పడం ఆయన వల్ల కాలేదు. ఆ చెక్క సారె వానకు నాని పగిలి, ఒక ముక్క తర్వాత ఒక ముక్క పొయ్యిలోకి పోయింది. కొడుకు కొండల్ విమానాశ్రయంలో సరుకు దించే పనిలో చేరాడు. ఇంట్లో మట్టి మాటే లేకుండా పోయింది. కుర్మయ్య పొద్దంతా అరుగు మీద కూర్చుని, పిలిస్తే పలికి, పెడితే తినే మనిషయ్యాడు.

మళ్ళీ మట్టి మాట తెచ్చింది మనీషా. ఆమె విమానాశ్రయం దగ్గరి ఒక హోటల్లో బట్టలుతికే విభాగంలో పనిచేస్తుంది. పొద్దంతా ఆవిర్లలో నిలబడి దుప్పట్లు మడతపెట్టాలి. సబ్బునీళ్ళకు వేళ్ళ చివర్లు ఎప్పుడూ పొట్టు లేస్తుంటాయి. ఆ హోటల్లో ఆదివారాలు అతిథులకు కుండలు చేయడం నేర్పే సరదా తరగతి ఒకటి ఉంది. ఒకసారి నీళ్ళ బకెట్లు అందించడానికి మనీషాను అక్కడికి పంపారు. అప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస. నేర్పే ఆమె సంక్రాంతి దాటగానే బెంగళూరు వెళ్ళిపోతోంది. "నీది కుమ్మరోళ్ళ ఇల్లే కదా, నువ్వు నేర్చుకుంటే ఆ పని నీకే ఇస్తాను. దుప్పట్ల దగ్గర్నుంచి బయటపడతావు" అన్నాడు మేనేజరు.

మనీషాది కుమ్మరి ఇల్లే కానీ వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. ఆమె పుట్టి బుద్ధెరిగి మట్టి ముట్టింది లేదు. అందుకే ఇంటికొచ్చి మామను అడిగింది.

"నేర్పుతవా మామయ్యా?"

కుర్మయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సారె ఒకటి దొరికిచ్చుకో బిడ్డా. మిగిలింది నాకిడిచిపెట్టు" అన్నాడు.

ఆ మాట రుక్మిణమ్మ గుండెలో ముల్లులా దిగింది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు సారె ముట్టకూడదు. ఆ మాట ఆమె కాపురానికి వచ్చిన రోజు నుంచీ విన్నది. చెరువు మట్టి తవ్వి తేవడం, రాళ్ళు ఏరడం, నానబెట్టడం, తొక్కడం, పిసకడం, కాల్చిన కుండలు గంపకెత్తుకుని శంషాబాద్ అంగడికి మోయడం, అన్నీ ఆమే చేసింది. సారె మీద మాత్రం చెయ్యి పెట్టొద్దు. మరి ఇప్పుడు?

ఆ రాత్రి అన్నం పెడుతూ ఉండబట్టలేక అడిగేసింది. "ఆడోళ్ళు సారె ముట్టొద్దంటిరి గద?"

"కాలం మారింది గదనే" అన్నాడు కుర్మయ్య, పచ్చిపులుసు కలుపుకుంటూ.

కాలం మారిందట. ఎవరికి మారింది? రుక్మిణమ్మ తన కంచం తీసి బయటికి వెళ్ళిపోయింది.

అసలు సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. సారె కోసం ఇంటిల్లిపాదీ వెతుకుతున్నారు కానీ, మంఖాల్‌లో ఆమె తమ్ముడు రాజయ్య ఇంట్లో కరెంటు సారె ఒకటి ఊరికే పడి ఉంది. కులసంఘం ద్వారా వచ్చింది. రాజయ్య కొడుకులిద్దరూ ఉద్యోగాల్లో పడితే, దాన్ని కొట్టంలో తాటిపత్రి పట్టా కింద పెట్టారు. దసరాకు పుట్టింటికి పోయినప్పుడు రాజయ్యే చూపించాడు. "బావకు భుజం నొప్పి గద అక్కా, దీనికి తిప్పే పనే లేదు. తీస్కపోండ్రి, నాకేం పైసలొద్దు" అన్నాడు.

రాజయ్య అటు పోగానే రుక్మిణమ్మ చుట్టూ చూసి, స్విచ్చు నొక్కింది. సారె సన్నగా రొద పెడుతూ తిరిగింది. తిరిగే పళ్ళెం మీద చూపుడు వేలు ఆనించింది. చేతిలో మట్టి లేకపోయినా ఆమె ఒళ్ళంతా జలదరించింది. బస్సులో ఇంటికొస్తూ దారి పొడుగునా ఒకటే లెక్క వేసుకుంది. ఆయనకని చెప్పి తెప్పించాలి. ఆయన పడుకున్న మధ్యాహ్నం పూట, ఎవరూ లేనప్పుడు, ఒక్కసారి తానూ కూర్చోవాలి. అరవయ్యేళ్ళ వయసులో ఆ కోరిక పైకి చెప్పుకోవడానికి సిగ్గేసి, ఇవాళ చెప్దాం రేపు చెప్దాం అని వాయిదా వేసింది. ఈలోగా మనీషా నోరు తెరిచి అడిగేసింది. ఆయన నేర్పుతానన్నాడు. అంతే, రుక్మిణమ్మ ఆ మాటను మింగేసింది.

*

వారం తర్వాత బుద్వేల్‌లో ఒకతను పాత సారె అమ్ముతున్నాడని ఫోనులో కనబడింది. మనీషా సెలవు పెట్టింది. కుర్మయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, కోడలి స్కూటీ వెనకాల ఎక్కాడు.

"భుజం నొప్పంటివి?" అంది రుక్మిణమ్మ గుమ్మంలో నిలబడి.

"కూసోవడానికి భుజంతోటి ఏం పని?"

దవాఖానకు పోదామంటే ఆటో కుదుపులకు నొప్పి అంటాడు. పోయినేడు ఆమె చెల్లెలి ఇంట్లో పెళ్ళికి రమ్మంటే నడుం పట్టిందన్నాడు. ఇప్పుడు బుద్వేల్ దాకా స్కూటీ మీద! రుక్మిణమ్మ ఆ రోజంతా గిన్నెలు చప్పుడు చేస్తూ తోమింది.

సాయంత్రానికి వట్టి చేతులతో వచ్చారు. కానీ కుర్మయ్య ముఖం వెలిగిపోతోంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"అరవింద్ అని, ఆంధ్రాయన. మంచి మర్యాద. 'మోటారు కాస్త వేడెక్కుతుందండీ, అంతేనండీ' అన్నడు. కాస్తనా! చెయ్యి పెడితే సుర్రుమన్నది. నేను మనీషాకు కండ్లతోటి సైగ చేసిన. పిల్ల ఎంత చురుకో! ఎంటనే 'ఆలోచించుకుని చెప్తమండీ' అని లేచింది."

"తిరిగొచ్చేటప్పుడు మామయ్య నాకు చెరుకురసం తాగిపిచ్చిండు అత్తమ్మా" అంది మనీషా. "మీకు కూడ తెద్దామనుకున్నం గాని, ఇంటికొచ్చేసరికి చెడిపోతదన్నడు."

"నాకెందుకు? నాకు అసొంటి అలవాట్లు లేవు" అంది రుక్మిణమ్మ.

మనీషా ముఖం చిన్నబోయింది. రుక్మిణమ్మకు ఆ చిన్నబోయిన ముఖం చూస్తే కాస్త హాయిగా అనిపించింది. అట్లా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మంఖాల్ మాట మాత్రం బయటికి రాలేదు.

సారె లేకపోయినా పాఠాలు ఆగలేదు. కుర్మయ్య చపాతీ పిండి ముద్దను పీట మీద పెట్టి, రెండు చేతుల మధ్య దాన్ని ఎట్లా పట్టాలో చూపించేవాడు. "మోచేతులు తొడలకు ఆనించు. ఊపిరి బిగబట్టకు. గట్ల! శభాష్!" అని ఆయన కోడలి చేతులు సరిచేస్తుంటే, రుక్మిణమ్మ వంటింట్లోంచి ప్రతి మాటా వినేది. ఆమెకు తెలియకుండానే ఆమె మోచేతులు కూడా తొడలకు ఆనుకునేవి. గమనించుకుని చటుక్కున లేచి నిలబడేది.

కార్తీకం పోయింది. మార్గశిరమూ సగమైంది. కొత్తది కొనడానికి చేతిలో ఉన్నది చాలదు. చివరికి ఒక ఆదివారం పొద్దున మనీషా స్నానం చేసి బయటికి వస్తే, ఆమె చెవులు బోసిగా ఉన్నాయి. కమ్మల చోట రెండు వేపపుల్లలు పెట్టుకుంది.

"కమ్మలేవే?" అంది రుక్మిణమ్మ.

"అమ్మేద్దామనుకుంటున్న అత్తమ్మా. నెల తిరిగితే హోటల్ల ఇంకొకల్ని పెట్టుకుంటరు. మా అమ్మ పెట్టిన కమ్మలే గద, అమ్మ ఏమనదు. పని దొరికినంక మళ్ళ చేపించుకుంట." నవ్వుతూనే అంది కానీ, దస్తీ గుడ్డలో కట్టిన కమ్మలను వేళ్ళు గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

రుక్మిణమ్మ గొంతులో మాట కదిలింది. ఇప్పుడు చెప్పెయ్యాలి. మంఖాల్‌లో ఉంది, పైసా ఖర్చు లేదు అనాలి. సరిగ్గా అప్పుడే అరుగు మీది నుంచి కుర్మయ్య పిలుపు వినబడింది. "బిడ్డా, జల్ది రా. షాపు తీసే టైమయింది, నేను కూడ వస్త." బిడ్డా అట. నలభై రెండేళ్ళలో తనను ఒక్కనాడైనా అంత మెత్తగా పిలిచాడా? కదిలిన మాట మళ్ళీ గొంతులోనే ఆగిపోయింది.

*

వాళ్ళు బయల్దేరకముందే వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది. రాజయ్య దిగాడు. చేతిలో కార్డుల సంచి ఉంది. మనవరాలి పుట్టువెంట్రుకల పిలుపుకు వచ్చాడు.

"ఏంది బావా, కోడలు నువ్వు తయారై ఎటు పోతున్నరు?"

"శంషాబాద్‌కు. కమ్మలు అమ్మి సారె కొందామని. కోడలికి నేర్పుతున్న" అన్నాడు కుర్మయ్య గర్వంగా.

రాజయ్య తెల్లబోయాడు. "సారెకు కమ్మలు అమ్ముడేంది? మా కొట్టంల కరెంటు సారె దుమ్ము పట్టి ఉన్నది గద. దసరాకే అక్కకు చెప్పిన, తీస్కపోండ్రని. అక్క స్విచ్చేసి కూడ చూసింది. నేను దూరం నుంచి చూసిన... ఏందక్కా, చెప్పలేదా?"

 డ్యూటీ దిగి వచ్చి మంచం మీద పడుకున్న కొండల్ కూడా లేచి బయటికి వచ్చాడు. అందరి కళ్ళూ రుక్మిణమ్మ మీద ఉన్నాయి.

"అమ్మా, నిజమేనా?" అన్నాడు కొండల్. "రెండు నెలల సంది గీ పిల్ల పరేషాన్ అవుతుంటే చూస్తనే ఉన్నవా? చెవులకు పుల్లలు పెట్టుకునేదాక ఊకున్నవా? ఎందుకే?"

"మరిచిపోయిన" అంది రుక్మిణమ్మ.

"మరిచిపోయినవా? రోజు ఇంట్ల గదే ముచ్చట గద!"

మనీషా అరుగు మీద కూర్చుని, దస్తీ ముడి వైపు చూస్తోంది. అది రుక్మిణమ్మ భరించలేకపోయింది.

"ఔ, చెప్పలే!" అని అరిచింది. "కావాల్నని చెప్పలే. ఏం చేస్తరో చెయ్యుండ్రి. ముప్పై ఏండ్లు మట్టి తొక్కిన. చలికాలం, కాళ్ళు పగిలి నెత్తురు కారుతుంటే తొక్కిన. కొండల్ కడుపుల ఉన్నప్పుడు తొక్కిన. సారె ముట్టొద్దంటే ముట్టలే. గిప్పుడు నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు చెయ్యి పట్టి నేర్పుతుండు! ఏమన్నంటే కాలం మారింది అంటుండు. నాకు మారకపాయె!"

"ఆచారం గట్ల ఉండె రుక్కమ్మా..." అన్నాడు కుర్మయ్య.

"ఆచారమా? నువ్వు మరిచినవ్ గాని నేను మరవలే. పెండ్లైన యేడు నువ్వు అంగడికి పోయినవ్. అత్త పడుకున్నది. నేను సారె మీద ఒక ముంత చేసిన. గింతంత ముంత. నువ్వొచ్చేసరికి అత్త సారెకు పసుపునీళ్ళు చల్లుకుంట నన్ను తిడుతున్నది. నీకు చూపిద్దామని ముంత చేతుల పట్టుకొని నిలబడ్డ. నువ్వు దాన్ని తీసుకొని నలిపి మట్టిల ఏసినవ్. ఒక్క మాట అనలే. నా మొకం కూడ చూడలే."

ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. రాజయ్య ఏం చేయాలో తోచక కార్డుల సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

కుర్మయ్య మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు. 

"అమ్మ తిట్టిందని నలపలే నేను."

రుక్మిణమ్మ కొంగు దించి చూసింది.

"నాకు సారె మీద ముంత నిలబడటానికి రెండేండ్లు పట్టింది. మా బాపు కట్టెతోటి కొట్టి కొట్టి నేర్పిండు. నువ్వు, ఎవ్వరు నేర్పకుండ, ఒక్క పూటల నిలబెట్టినవ్. అంచు ఎంత సన్నగ వచ్చిందో నాకు ఇంక యాదికున్నది. నా కండ్లు మండినయ్ రుక్కమ్మా. గీమె సారె ఎక్కితే ఇగ ఊర్ల నన్నెవడు అడుగుతడు అనిపించింది. అమ్మ ఆచారం అంటుంటే నాకు సందు దొరికింది. అంతే. ఎన్నోసార్లు చెప్దామనుకున్న. నోరు రాలే. గీ పిల్ల నేర్పుమని అడిగినప్పుడు, గప్పుడు చేసిన తప్పు గిట్లన్న తీరుతదనుకున్న. నీకు చెయ్యాల్సింది నీకే చెయ్యాల్నని నా బుర్రకు తట్టలే."

ఆయన అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. కొండల్ తండ్రిని ఎన్నడూ అట్లా చూడలేదు. ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయాడు.

రుక్మిణమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ ఆ ముంత వంకరగా వచ్చిందనే నలిపేశాడనుకుంది. తన చేతులే అంత అనుకుంది. ఇప్పుడు కోపం రావలసింది. కొంచెం వచ్చింది కూడా. కానీ రెండు నెలలుగా తన కడుపులో రగులుతున్నది ఏమిటో ఆయన నోటి నుంచి విన్నాక, ఆ కోపం నిలవలేదు. ఆయన ముంత నలిపాడు, తాను మాట దాచింది. ఆయన ముందు పదిహేడేళ్ళ పిల్ల నిలబడింది, తన ముందు పుల్లలు పెట్టుకున్న చెవులతో ఈ పిల్ల కూర్చుంది. తేడా ఏముంది?

ఆమె వచ్చి మనీషా పక్కన కూర్చుంది. దస్తీ ముడి విప్పబోతే మనీషా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అత్తమ్మా, మీకు ఇష్టం లేదంటే నేను మానుకుందు గద" అంది మనీషా. ఇప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు. "మామయ్య నవ్వుతుండని మీరు సంబరపడుతున్నరనుకున్న. మీది గుంజుకుంటున్న అనుకోలే. చెప్పకుంటే నాకెట్ల తెలుస్తది?"

"నీది తప్పు లేదు బిడ్డా." ఆ పిలుపు తన నోటి నుంచే వచ్చిందని రుక్మిణమ్మకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. "నాదే పాడు బుద్ధి. నిన్ను చూస్తే కండ్లల్ల నిప్పులు పోసుకున్నట్టుండె. నీ మొకం చిన్నబోతే నాకు మంచిగనిపించింది. గంతటి పాపం చేసిన. నన్ను నాలుగు తిట్టు, పడత."

మనీషా తిట్టలేదు. వెంటనే నవ్వనూ లేదు. ముక్కు తుడుచుకుని, దస్తీ ఆమె చేతిలో పెట్టింది. రుక్మిణమ్మ వేపపుల్లలు తీసి, ఒక్కొక్క కమ్మా పెట్టి శీల బిగించింది.

"బాగుంది" అన్నాడు రాజయ్య గొంతు సవరించుకుని. "పెండ్లప్పుడు నాయిన అక్కకు సారె సక్కగ పెట్టలేదని అమ్మ సచ్చేదాక ఏడ్చింది. ఇగ గీ సారె పెడుత, తీస్కపోండ్రి."

ఆ మాటకు అందరికంటే ముందు నవ్వింది రుక్మిణమ్మే.

*

మర్నాడు కొండల్ తెలిసినవాళ్ళ ట్రాలీ ఆటో మాట్లాడి మంఖాల్ నుంచి సారె తెచ్చాడు. రుక్మిణమ్మ ఆ రోజే చెరువు మట్టి తెచ్చి, రెండు రోజులు నానబెట్టి, మూడో రోజు పొద్దున పిసకడానికి కూర్చుంది. ఇంతలో ఆత్రం ఆగక మనీషా పక్క బకెట్లోంచి ఒక ముద్ద తీసి సారె మీద పెట్టింది. కుర్మయ్య పాఠం మొదలుపెట్టాడు. ముద్ద అటూ ఇటూ ఊగి, ఒక పక్కకు ఒరిగి, పళ్ళెం మీంచి జారిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.

"మోచెయ్యి గట్టిగ పెట్టు బిడ్డా, మోచెయ్యి!" అన్నాడు కుర్మయ్య.

"మోచెయ్యి కాదు" అంది రుక్మిణమ్మ, తల ఎత్తకుండానే. "మట్టి పిసకందే. లోపట గాలి ఉన్నది. గది కొండల్ బూట్ల కాళ్ళతోటి తొక్కి పెట్టిన ముద్ద."

తాను పిసికిన ముద్దను తీగతో రెండుగా కోసి, కోసినచోట వేలితో రాసి చూసి, మళ్ళీ కలిపి కొట్టి కోడలికి ఇచ్చింది. మనీషా దాన్ని పళ్ళెం మీద పెట్టి రెండు అరచేతులతో పట్టింది. కాసేపు ఊగింది. తర్వాత కుదురుకుంది. కదలకుండా, ఉన్నచోటే ఉండి గిర్రున తిరిగింది.

కుర్మయ్య నోరు తెరుచుకుని చూశాడు. "ఇన్నేండ్లు గది నా చేతి పనే అనుకున్న" అన్నాడు మెల్లగా.

మనీషా సారె ఆపి, చేతులు కడుక్కుని లేచింది. "ఇగ మీరు కూసోండ్రి అత్తమ్మా."

"నాకెందుకే? నీకు నెలలోపు రావాలె. నువ్వు కూసో."

"నాకు డ్యూటీ టైమయింది. నేనొచ్చేదాక సారె ఊకే ఉంటది గద."

డ్యూటీకి ఇంకా గంటన్నర ఉందని ఇద్దరికీ తెలుసు. రుక్మిణమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పీట మీద కూర్చుంది.  ముద్ద మీద చేతులు పెట్టబోయి ఆగింది.

"నువ్వు జర అటు తిరుగయ్యా" అంది భర్తతో. "నువ్వు చూస్తుంటే నాకు చేతకాదు."

కుర్మయ్య బుద్ధిగా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సారె తిరగడం మొదలైంది. చల్లటి తడి మట్టి ఆమె అరచేతుల కింద జారింది, ఎదురు తిరిగింది, మళ్ళీ లొంగింది. ఆమె బొటనవేళ్ళు నడుమ దిగాయి. కళ్ళ నుంచి నీళ్ళు బుగ్గల మీదికి కారుతున్నా, చేతుల నిండా మట్టి ఉండి తుడుచుకోలేకపోయింది. మనీషా వంగి తన చున్నీ కొసతో తుడిచింది.

"వచ్చిందా?" అన్నాడు కుర్మయ్య గోడ వైపు చూస్తూనే.

"రాలే."

కాసేపాగి మళ్ళీ అడిగాడు. "ఇప్పుడో?"

"నలభై రెండేండ్లు ఆగిన నేను. నువ్వు జర ఆగలేవా?" అంది రుక్మిణమ్మ, మట్టి మీంచి కళ్ళు తిప్పకుండా.